సర్కారు తుమ్మ చేయని నేరాలు, చేస్తున్న నష్టాలు

ఎండలు ముదిరి బోర్లు వట్టిపోవడం మొదలవగానే ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో సర్కారు తుమ్మ గురించిన సందేశం మళ్ళీ తిరుగుతుంది. కొన్నిచోట్ల దీన్ని ఇంగ్లీషు తుమ్మ అంటారు, రాయలసీమలో కంప చెట్టు అంటే చాలు. సందేశం సారాంశం ఇది: "ఈ చెట్టును అమెరికా కుట్రతో మనకు అంటగట్టింది. దీని వేర్లు 175 అడుగులు దిగి భూగర్భజలాన్ని తోడేస్తాయి. నేలలో నీళ్ళు దొరక్కపోతే గాలిలో తేమను పీల్చేస్తుంది, అందుకే వానలు పడవు. ఆక్సిజన్ ఇవ్వదు, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. దీని మీద పక్షి గూడు కట్టదు, కింద గడ్డి మొలవదు, దీనికి కట్టేసిన పశువు గొడ్డుబోతుంది. కేరళలో దీన్ని ఉండనివ్వరు, అందుకే అక్కడ నీళ్ళున్నాయి. కనబడినచోటల్లా జేసీబీతో పీకించండి, ఏడాదిలో బావులు నిండుతాయి."

తమిళనాడులో ఈ ప్రచారం మరీ ముదిరింది. 2017లో మద్రాస్ హైకోర్టు మదురై ధర్మాసనం దక్షిణ జిల్లాల్లో ఈ చెట్లను తొలగించాలని ఆదేశించింది. అదే ఏడాది, శాస్త్రీయ పరిశీలన లేకుండా చెట్లు కొట్టడం సరికాదన్న వాదన మీద ఆ పని తాత్కాలికంగా ఆగింది.

ముందే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సర్కారు తుమ్మను వెనకేసుకురావడానికి రాస్తున్నది కాదిది. పచ్చిక బయళ్ళకు, చెరువులకు, వాగులకు, మేత మీద బతికే కుటుంబాలకు ఈ చెట్టు తెచ్చిన నష్టం నిజం. అయితే సందేశం చూపించే కారణాలు చాలావరకు తప్పు. వాటిని నమ్మినవాళ్ళు కొట్టకూడని చోట కొడుతున్నారు, కొట్టాల్సిన చోట వదిలేస్తున్నారు, కొట్టిన చోట కూడా మూడో ఏటికి ముందుకంటే దట్టంగా కంప లేచేలా కొడుతున్నారు. అందుకే ఒక్కో మాటనూ విడదీసి చూడాలి.

"అమెరికా కుట్రతో వచ్చింది"

తెచ్చింది బ్రిటిష్ కాలపు అటవీశాఖ, అదీ మన గడ్డ మీదికే. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర సర్కిల్ అటవీ సంరక్షకుడిగా ఉన్న బెడ్డోమ్ 1876లో ఈ విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. 1877లో కడప ప్రాంతంలో నాటారు. వాన తక్కువ పడే చోట కూడా వంటచెరకు దొరకాలన్నది ఉద్దేశం. చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. స్వాతంత్ర్యం తర్వాత మన ప్రభుత్వాలే దీన్ని ఇంకా విస్తారంగా నాటించాయి. గుజరాత్‌లోని కచ్ఛ్‌లో ఉప్పు ఎడారి ముందుకు రాకుండా ఆపాలని 1961లో బన్నీ పచ్చిక మైదానంలో 31,550 హెక్టార్లలో పెంచారు. ఇప్పుడు ఆ మైదానంలో సగానికి పైగా ఈ చెట్టే ఉంది.

అమెరికాలో కూడా దీని దగ్గరి బంధువులు ఉన్నాయి. టెక్సస్ పశువుల పెంపకందారులు వాటితో దశాబ్దాలుగా అవస్థ పడుతున్నారు. అక్కడి మూలవాసులు ఆ కాయల్ని దంచి పిండి చేసుకుని తిన్నారు. ఈ చెట్టును మన దగ్గర నాటడం మంచి ఉద్దేశంతో చేసిన తప్పు. చుట్టూ ఉన్న జీవాలు, గడ్డి, నేల దీనికి ఎలా స్పందిస్తాయో చూడకుండా, ఎండకు తట్టుకుంటుందన్న ఒక్క గుణం చూసి నాటారు.

"ఆక్సిజన్ ఇవ్వదు, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది"

ఆకుపచ్చగా ఉన్న ప్రతి చెట్టూ పగలు కిరణజన్య సంయోగక్రియలో కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆక్సిజన్ వదులుతుంది. రాత్రీ పగలూ శ్వాసలో కొంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. వేపైనా రావైనా అంతే. పెరుగుతున్న చెట్టు వదిలేదానికంటే తీసుకునేది ఎక్కువ, ఆ మిగులే కట్టె. టన్ను ఎండు కట్టెలో దాదాపు అరటన్ను కర్బనం ఉంటుంది, అంటే ఆ చెట్టు గాలి నుంచి సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తీసుకుందన్నమాట. సర్కారు తుమ్మ వేగంగా కట్టె కట్టే చెట్టు. ఈ ఒక్క విషయంలో సందేశం నిజాన్ని పూర్తిగా తలకిందులు చేసింది.

"గాలిలో తేమ పీల్చేసి వానలు ఆపుతుంది"

ఈ మాట సందేశంలో దీనికి ముందున్న భూగర్భజలం మాటతోనే పొసగదు. చెట్టు భూగర్భజలాన్ని తోడేస్తుంటే ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? ఆకుల్లోని పత్రరంధ్రాల గుండా ఆవిరై గాలిలోకే పోతాయి. ఆకు లోపలి గాలి దాదాపు నూరు శాతం తేమతో ఉంటుంది. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో బయటి గాలిలో తేమ 30 శాతానికి అటూ ఇటూ. తేమ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికే కదులుతుంది, ఎదురు దిక్కుకు పోదు.

మంచు బిందువులు ఆకు మీద నిలిచినప్పుడు చాలా మొక్కలు కొద్దిపాటి నీటిని ఆకు పొర గుండా తీసుకోగలవు. అది ఆకు తడిసినంత మాత్రం నీరు. ఈ పుకారుకు మూలం బహుశా చిలీ ఎడారిలో ఉంది. అక్కడ దీని బంధువైన తమరూగో అనే చెట్టు గాలిలోని తేమతోనే బతుకుతుందని ఒకప్పుడు ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధనలు అది భూగర్భజలం మీదే ఆధారపడుతోందని చూపించాయి. ఇక మన వానలు అరేబియా సముద్రం నుంచీ బంగాళాఖాతం నుంచీ వచ్చే తేమతో పడతాయి. ఊరి పొలిమేరలో కంప ఉందా లేదా అన్నది రుతుపవనాలకు లెక్కలోకి రాదు.

"175 అడుగుల వేర్లతో భూగర్భజలం తోడేస్తుంది"

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఈ మాటనే, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది.

175 అడుగుల లెక్క ఎవరో ఊహించింది కాదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టూసాన్ దగ్గర ఒక గని తవ్వుతుండగా 53 మీటర్ల లోతున దీని దగ్గరి బంధువైన చెట్టు వేర్లు కనబడ్డాయి. 1963లో ఆ సంగతి ఒక శాస్త్ర పత్రికలో అచ్చయింది. ఒక చోట, మెత్తని నేలలో, ఒక చెట్టు దగ్గర కనబడిన రికార్డు అది. ప్రతి చెట్టు వేరూ అంత దిగుతుందనుకోవడం తప్పు. చెట్టు బలమంతా పైపొరల్లో పక్కలకు పాకే వేర్లలోనూ, మెత్తగా ఉన్నంత మేర కిందికి దిగే తల్లివేరులోనూ ఉంటుంది. రాయలసీమలో, తెలంగాణలో చాలా భాగం గట్టి రాతి నేల. పైన 10-20 మీటర్ల వరకు చివికిన రాయి, దాని కింద పగుళ్ళున్న గట్టి గ్రానైటు. ఇప్పుడు బోర్లు 500 నుంచి 1,000 అడుగుల్లో ఆ పగుళ్ళలోని నీటిని తోడుతున్నాయి. ఆ నీటికీ చెట్టు వేరుకీ సంబంధం లేదు.

మరి చెట్టు ఎంత తాగుతుంది? ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో కాండం లోపలి నీటి ప్రవాహాన్ని నేరుగా కొలిచారు. ఒక్కో చెట్టు రోజుకు 1 నుంచి 36 లీటర్లు వాడింది, సగటు 7 లీటర్లు. ఎకరానికి 500 చెట్లున్న కంపలో ఆ సగటున రోజుకు 3,500 లీటర్లు అవుతుంది. సెకనుకు రెండు లీటర్లు పోసే బోరు ఆ నీటిని అరగంటలో తోడేస్తుంది. దేశంలో తోడుతున్న భూగర్భజలంలో దాదాపు 87 శాతం పోయేది సాగుకే. బావులు ఎండిన వరుస గుర్తు చేసుకుంటే విషయం ఇంకా తేటపడుతుంది. ముందు బోర్లు వచ్చాయి, తర్వాత 30-40 అడుగుల దిగుడు బావులు ఎండాయి, ఆ ఎండిన బావుల్లో ఆ తర్వాత కంప మొలిచింది. నీళ్ళు పోయిన చోటికి వచ్చిన చెట్టును నీళ్ళు పోవడానికి కారణం చేశారు.

అయితే చెట్టుకు పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వడానికి లేదు. అఫార్‌లోనే ఈ చెట్టు ఆక్రమించిన ప్రాంతమంతా కలిపితే ఏడాదికి 300 కోట్ల ఘనపు మీటర్లకు పైగా నీరు ఆవిరవుతోందని లెక్క తేలింది. నీరు పైనే ఉండే వాగు ఒడ్డున, ఇసుక మేటల్లో, చెరువు లోపల, వేరు నీటిమట్టాన్ని అందుకోగల ప్రతిచోటా ఈ చెట్టు నిజంగానే నీటిని తీసుకుంటుంది. పైగా ఏడాదంతా పచ్చగా ఉంటుంది. మన చెట్లలో చాలా రకాలు ఎండాకాలంలో ఆకు రాల్చి నీటి వాడకం తగ్గించుకుంటాయి, ఇది అంతగా తగ్గించుకోదు.

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది, సందేశంలో దాని ఊసే లేదు. చెరువుకు నీళ్ళు తెచ్చే వాగులనూ, కాలువలనూ కంప మూసేస్తుంది. అడుగున పది కొమ్మలుగా చీలిన ముళ్ళ పొద వరదలో కొట్టుకొచ్చే చెత్తనూ ఒండ్రునూ పట్టేస్తుంది. కాలువ అడుగు పైకి లేస్తుంది, నీరు గట్టు తెంచుకుని పక్క పొలంలోకి తిరుగుతుంది, చెరువుకు రావలసినంత రాదు. "కంప కొట్టించాం, ఆ ఏడు చెరువు నిండింది" అని కొన్ని ఊళ్ళ వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. అక్కడ పనిచేసింది కాలువ తెరుచుకోవడం. అందుకని నీళ్ళ కోసం కంప కొట్టాలనుకునే ఊరు బీడు భూముల్లో కాకుండా చెరువు పైనున్న కాలువ నుంచి మొదలుపెట్టాలి.

"కేరళలో లేదు, అందుకే అక్కడ నీళ్ళున్నాయి"

కేరళలో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో 550. అంత తడిలో, దట్టమైన నీడలో ఈ చెట్టు మిగతా వాటితో పోటీపడలేదు. ఎండకు తట్టుకోవడమే దాని బలం కాబట్టి ఎండ ఉన్న చోటే గెలుస్తుంది.

"కింద గడ్డి మొలవదు, నేల శాశ్వతంగా చచ్చిపోతుంది"

మొదటి సగం దాదాపు నిజం, రెండో సగం కాదు. చెట్టు అసలు స్వభావం తెలిసేది ఇక్కడే కాబట్టి కొంచెం ఆగి చూద్దాం.

2012లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం ఒకే ప్రశ్నను నాలుగు దేశాల్లో అడిగింది: ఈ చెట్టు నీడలో ఎన్ని రకాల మొక్కలున్నాయి, నీడ బయట ఎన్ని ఉన్నాయి? దాని పుట్టిల్లయిన వెనిజులాలో నీడ కిందే ఎక్కువ రకాలున్నాయి, చెట్టు అక్కడ మిగతా మొక్కలకు ఆసరా ఇస్తోంది. పెరూలో దానికి చాలా దగ్గరగా ఉండే జంట జాతి వల్ల మొత్తం మీద లాభమూ లేదు నష్టమూ లేదు. భారత్‌లో ఈ చెట్టు నీడ కింద, హవాయిలో ఆ జంట జాతి నీడ కింద మాత్రం మొక్కల రకాలు బాగా పడిపోయాయి. అదే అధ్యయనం మన జమ్మిని పక్కన పెట్టి పోల్చింది. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి దీనికి దగ్గరి చుట్టమే. 2022 దాకా రెండింటినీ ఒకే ప్రజాతిలో ఉంచారు, ఆ ఏడే సర్కారు తుమ్మను విడదీసి నెల్టూమా అనే వేరే ప్రజాతిలో చేర్చారు. జమ్మి కింద మొక్కలకు జరిగే నష్టం చాలా తక్కువ. సర్కారు తుమ్మ రాలిన ఆకు వేసిన చోట మన దేశీ మొక్కలు జమ్మి ఆకు వేసిన చోటికంటే చాలా ఎక్కువగా చనిపోయాయి. దాని ఆకు కషాయంలో ఫీనాలిక్ పదార్థాలు ఎక్కువ ఉన్నాయి, అది పంట మొక్కల వేర్ల ఎదుగుదలను కొన్నిసార్లు అణిచింది. జమ్మి ఆకు కషాయంలో అవే వేర్లు ఇంకా బాగా పెరిగాయి.

ఒకే చెట్టు పుట్టింట్లో మేలు చేసి, ఇక్కడ కీడు ఎందుకు చేస్తోంది? పుట్టింట్లో చుట్టూ ఉన్న మొక్కలు వేల తరాలుగా దాని రసాయనాలకు అలవాటుపడ్డాయి, దాని గింజల్నీ చిగుళ్ళనూ తినే పురుగులు అక్కడే ఉన్నాయి అన్నది శాస్త్రజ్ఞులు చెప్పే బలమైన వివరణ. ఇక్కడ ఆ సంబంధాలేవీ లేవు. ఒక జాతి బాగోగులు దాని సొంత గుణంలో కంటే అది ఎవరి మధ్య ఉందన్న దాంట్లోనే ఎక్కువగా తేలతాయి.

నేల చచ్చిపోదనడానికి రుజువు హరియాణాలోని కర్నాల్‌లో ఉన్న కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ పనుల్లో ఉంది. ఉదజని సూచిక (pH) 10 దాటిన చౌడు నేలల్లో ఇదే చెట్టును పెంచితే సూచిక తగ్గింది, సేంద్రియ కర్బనం పెరిగింది. వేరు బుడిపెల్లోని రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేరుస్తుంది. కంప తీసిన భూమిలో పైరు వేసి పండించుకుంటున్న రైతులు తమిళనాడులోనూ ఆంధ్రలోనూ ఎందరో ఉన్నారు. నేలకు పట్టిన అసలు బెడద గింజలు. మట్టిలో పడిన గింజ పదేళ్ళ దాకా బతికి ఉండగలదు.

"పక్షులు గూడు కట్టవు"

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లోకి తొంగి చూస్తే చాలు. పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టుకునేది అక్కడి సర్కారు తుమ్మ చెట్ల మీదే. తమిళనాడులోని కూంతన్‌కుళంలోనూ అంతే.

అలాగని పక్షులకు ఇది మంచి చెట్టు అనుకోకూడదు. తమిళనాడులోని వెట్టంగుడి పక్షుల ఆశ్రయంలో చేసిన పరిశీలనలో దేశీ చెట్ల మీద కంటే ఈ చెట్టు మీది గూళ్ళ నుంచి గుడ్లూ పిల్లలూ జారిపడటం ఎక్కువగా కనబడింది. కొంగలు దీన్ని ఎంచుకుంటున్నది ఇష్టంతో కాదు, నీటి మధ్య వేరే చెట్టు మిగలక.

అసలు దెబ్బ తగులుతున్నది చెట్టు మీద గూడు కట్టని జీవులకు. బట్టమేక పిట్ట నేల మీద గుడ్డు పెడుతుంది, దూరం దాకా కనబడే బయలు కావాలి దానికి. నంద్యాల జిల్లా రోళ్ళపాడును ఆ పిట్ట కోసమే 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. కృష్ణజింక శత్రువును దూరం నుంచి చూసి పరుగెత్తి బతికే జంతువు. చూపుకు అడ్డం, పరుగుకు అడ్డం వచ్చే ముళ్ళ పొద దానికి ఉరి లాంటిది. బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఆ కాయలు తియ్యగా ఉండటంతో కృష్ణజింకే వాటిని తిని పేడలో గింజల్ని మోసుకుపోతోంది. గుజరాత్‌లోని వెలవదర్‌లో కృష్ణజింక, నీల్‌గాయ్ రెండూ ఈ గింజల్ని వ్యాపింపజేస్తున్నట్టు నమోదైంది. తన బయలును మూసేసే చెట్టును అదే నాటుకుంటోంది.

"కట్టేసిన పశువు గొడ్డుబోతుంది"

నీడలో కట్టేస్తే గొడ్డుబోవడానికి ఏ ఆధారమూ లేదు. కాయల్ని మేపడంలో మాత్రం నిజమైన ప్రమాదం ఉంది. పండిన కాయలో చక్కెర బాగా ఉంటుంది, మాంసకృత్తులు దాదాపు 12 శాతం. కరువులో అది విలువైన మేత. కానీ నెలల తరబడి మేతలో సగానికి పైగా ఈ కాయలే అయితే అందులోని ఆల్కలాయిడ్లు అనే విష రసాయనాలు మెదడులో దవడ కండరాల్ని నడిపే నాడీకణాల్ని దెబ్బతీస్తాయి. పశువు నమలలేదు, మూతి ఒక పక్కకు వాలుతుంది, మేత నోట్లోంచి జారిపోతుంది, బక్కచిక్కుతుంది. బ్రెజిల్ రైతులు దీన్ని "వంకర ముఖం" రోగం అంటారు. కాబట్టి మొత్తం మేతలో కాయల పిండి 20-30 శాతం మించకూడదు. కాయల్ని మరపట్టించి గింజ నలిగేలా పెట్టాలి. గింజ నలిగితే అందులోని మాంసకృత్తులు పశువుకు అందుతాయి, పేడలో మొలిచే గింజ ఉండదు. మర పట్టించే ఈ చిన్న పని చెట్టు వ్యాప్తికి వేసే మంచి అడ్డుకట్ట.

సందేశం చూడని ఇంకో హాని దోమలది. ఆఫ్రికాలోని మాలి దేశంలో కొన్ని గ్రామాల్లో ఈ చెట్ల పూలు మాత్రమే కత్తిరించి చూశారు. మలేరియా దోమల సంఖ్య దాదాపు 70 శాతం పడిపోయిందని 2017లో ప్రకటించారు. దోమకు రక్తంతో పాటు తేనె కూడా కావాలి. ఎండాకాలంలో మిగతా పూలు లేనప్పుడు ఈ చెట్టు దానికి తేనె ఇస్తోంది, దోమ ఎక్కువ రోజులు బతుకుతోంది.

"జేసీబీతో పీకించండి, ఏడాదిలో అంతా బాగుపడుతుంది"

ఈ సలహా వల్ల డబ్బూ నేలా రెండూ పోతున్నాయి. ఎందుకో తెలియాలంటే కంప ఎలా వస్తుందో చూడాలి.

మేత ఎక్కువై గడ్డి పలచబడిన బీడులో మొదట జీవాలు దీని కాయలు తింటాయి. ఆకు చేదు, దాన్ని ముట్టవు. కాయకు 10 నుంచి 20 గింజలు. పొట్టలోంచి వెళ్ళేటప్పుడు గట్టి పెంకు మెత్తబడుతుంది, పేడతో పాటు తడీ ఎరువూ దొరుకుతాయి. తొలి వానకు మొలక. పోటీగా గడ్డి లేదు, ఆకు తినేవాళ్ళు లేరు. రెండు మూడేళ్ళకు అది కాయ కాస్తుంది. పొద మూసుకుంటే కింద గడ్డి పోతుంది, జీవాలు మిగిలిన కొంచెం బయలు మీద పడతాయి, అక్కడా గడ్డి పలచబడుతుంది. చెట్టును పీకి అదే బీడును అదే మేతకు వదిలేస్తే ఈ చక్రం మొదటి నుంచి మొదలవుతుంది, ఈసారి మట్టిలో పాత గింజల నిల్వతో, యంత్రం కదిపిన వదులు నేలతో.

రెండో తప్పు నరికే ఎత్తులో ఉంది. ఈ చెట్టు పిలకలు వేసే మొగ్గలు నేల పైనుంచి సుమారు ఒక అడుగు లోతు దాకా ఉన్న మొదలు భాగంలోనే ఉంటాయి. దాని కింది వేరు ముక్క పిలక వేయదు. జేసీబీ బకెట్‌తో లాగితే చాలా చెట్లు నేల మట్టానికి విరుగుతాయి, మొదలు లోపలే ఉండిపోతుంది, ఒక కాండం స్థానంలో పది లేస్తాయి. గొడ్డలితో నరికి వదిలినా అంతే.

పని చేసే పద్ధతి ఇలా ఉంటుంది. కాయలు పండి రాలకముందే మొదలుపెట్టాలి. దట్టమైన పొదకు ముందు దాని అంచుల్లోని విడి చెట్లనూ, కొత్తగా సోకిన చోట్లనూ తీయాలి. తక్కువ ఖర్చుతో ఎక్కువ భూమి కాపాడేది అదే. మోకాలెత్తు లోపు మొక్కల్ని వాన తర్వాత నేల మెత్తగా ఉన్నప్పుడు తల్లివేరుతో సహా పీకాలి. అంతకంటే పెద్దవాటికి చుట్టూ మట్టి తీసి, పలుగుతోనో గొడ్డలితోనో అడుగు లోతున మొదలును వేరు నుంచి తెంచాలి. జేసీబీ వాడితే బకెట్ పళ్ళు మొదలు కిందికి దిగి మొత్తం పైకి తీసేలా నడపాలి, బయటపడిన మొదలు బోర్లించి ఎండనివ్వాలి. ఆస్ట్రేలియాలో మోడు మీద ట్రైక్లోపిర్ అనే కలుపుమందును డీజిల్‌లో కలిపి పూస్తారు. కోసిన వెంటనే పూస్తేనే మందు లోపలికి దిగుతుంది, ఆలస్యమైతే కోత ఎండి పైనే ఉండిపోతుంది. చెరువుల దగ్గర మందుల జోలికి పోకపోవడం మేలు.

చెరువు కట్ట మీద మాత్రం యంత్రంతో వేళ్ళు పెకలించకూడదు. కట్ట వదులవుతుంది, ఆ గుంతలోంచి నీరు దారి చేసుకుంటుంది. కట్ట మీది చెట్టును నేలకు సమంగా కోసి, వచ్చిన ప్రతి పిలకనూ చిన్నప్పుడే తుంచుతూ మొదలును చంపాలి. పెద్ద వేరు కుళ్ళిన చోట బొరియ పడుతుంది కాబట్టి తర్వాతి ఎండాకాలంలో చూసి, మట్టి వేసి దిమ్మిస కొట్టాలి.

కొట్టిన కంపను తగలబెట్టకండి. కాయలు దులిపేసి, ముళ్ళ కొమ్మల్ని కొత్తగా నాటబోయే మొక్కల చుట్టూ కంచె వేయండి. లావు కట్టె బొగ్గు బట్టీలకు పోతుంది. మట్టి బట్టీలో నాలుగైదు టన్నుల కట్టెకు ఒక టన్ను బొగ్గు వస్తుంది. ప్రకాశం జిల్లా నుంచి తమిళనాడులోని రామనాథపురం దాకా ఈ పని మీద బతికే కూలీలు చాలామంది. తొలగింపు పథకం వేసే ఏ ఊరైనా వాళ్ళను ముందే కలుపుకోవాలి. వాళ్ళు లేకుండా చేసిన పథకంలో ఖర్చు ఊరిది, పిలకల ఆదాయం ఇంకొకరిది అవుతుంది.

తీసిన నేలను ఖాళీగా ఉంచకూడదు. తొలి వానతో గడ్డి గింజ చల్లాలి, బీడుల్లో కుక్కతోక గడ్డి లాంటి బహువార్షిక రకాలు. దట్టమైన గడ్డిలో తుమ్మ మొలక ఎదగలేదు. ఒకటిన్నర అడుగుల గుంతల్లో జమ్మి, రేగు, చండ్ర, వేప నాటాలి. చెరువు అంచున, నీరు నిలిచే చోట నల్లతుమ్మ. పక్షుల గూళ్ళున్న చెరువులో పాత చెట్లను ఒక్కసారిగా కొట్టకూడదు. నల్లతుమ్మ, కణప నాటి, అవి గూడు మోసే ఎత్తుకు వచ్చాక విడతలవారీగా తీయాలి.

మొదటి రెండు వానాకాలాలు జీవాల్ని ఆ నేలలోకి వదలకూడదు. కంప ఉన్న ఊరి నుంచి కొనుక్కొచ్చిన మేకల్ని, గొడ్లను వారం పది రోజులు దొడ్లోనే కట్టి మేపాలి, పొట్టలోని గింజలు అక్కడే పడిపోతాయి. ఆ పేడను, పెంటికల్ని నేరుగా పొలానికి తోలకుండా కుప్పలో బాగా మాగనివ్వాలి. ప్రతి వానాకాలం చివర ఒకసారి నేలంతా తిరిగి మొలకలు పీకాలి. మొదటి మూడేళ్ళు ఎక్కువ కనబడతాయి, తర్వాత తగ్గుతాయి, పదేళ్ళ దాకా మానకూడదు. పథకం బడ్జెట్‌లో జేసీబీ గంటల పక్కన ఈ పదేళ్ళ మొలక పీకుడు కూలి కూడా రాసి ఉందా లేదా అన్నది పని మొదలుకాకముందే గ్రామసభలో అడగాలి.